పర్రబండి ఆగిన రోజులు

మంగళవారం, బహుళ నవమి

నాకు ముందు ఈ పని చేసినాయన ఈ పుస్తకంలో "బండి బాగుంది" అన్న ముక్క తప్ప ఇంకోటి రాయలేదు. ఆదివారం ఊరి సభలో దీన్ని పైకి చదువుతారు కాబట్టి ఆయన తెలివి ఆయనది. నాకు ఆ తెలివి లేదు. నా పేరు భ్రమరాంబ, పందిరిమెట్ట పర్రబండికి కరెంటు పని నాది, ఇవాళ బండి బాగోలేదు.

పొద్దున పాటుకి సముద్రం వెనక్కి తీసి, పర్ర ఉప్పుబురద బయటపడగానే బయలుదేరాం. తోలేది వీరభద్రం. బండి నిండా పెద్దమెట్ట ఆసుపత్రికీ సంతకీ పోయే జనం, కుడి బల్ల మీద సగం, ఎడమ బల్ల మీద సగం. లాకుల గట్టు దగ్గర ఒకడు చెయ్యెత్తాడు. ధనకోటి అని, లాకోళ్ళ మనిషి, నలభై దాటి ఉంటాయి. రెండు మూత్రపిండాలూ చెడ్డాయట. మంగళ, శుక్రవారాల్లో పెద్దమెట్టలో యంత్రం మీద రక్తం కడిగించుకోకపోతే బతకడట. ఇన్నాళ్ళూ సొంత పడవలో వెళ్ళేవాడు, అది పగిలిందట. ఒళ్ళో గుడ్డ కప్పిన రేకు డబ్బా పెట్టుకుని వచ్చి కుడి బల్ల మీద కూర్చున్నాడు.

లాకోళ్ళు ఎదురైతే ఎప్పుడూ చేసేలాగే జనం లేచి ఎడమ బల్ల మీదికి సర్దుకున్నారు. చోటు చాలనివాళ్ళు ఆ బల్ల ముందే కింద చతికిలబడ్డారు. మునక నాడు లాకులు ఎత్తి మూడు ఊళ్ళ మీదికి నీళ్ళు వదిలింది వీళ్ళ తాతలే కదా. లాకోళ్ళ పక్కన కూర్చుంటే నీళ్ళు వెంటపడతాయని మా అమ్మ అనేది. మా పెద్దక్క ఆ నీళ్ళలోనే పోయింది, నాకు ఆ పట్టింపు ఉండదా మరి? కుడి బల్ల కింద ఉండే నా పనిముట్ల పెట్టెను నేనూ ఇవతలికి లాగేసుకున్నాను. ఇనప పెట్టె, ఇద్దరు మనుషుల బరువు.

రెండో టవరు దాటాక బండి ఠక్కున ఆగింది. పాతకాలం ఫోన్ల టవర్లు బురదలోంచి మొండిగా నిలబడి ఉంటాయి, పర్ర మీద మాకు అవే దారి గుర్తులు. దీపాలు పోయాయి, చక్రాలు పోయాయి, కాపలా డబ్బా మీద ఎర్రలైటు వెలిగింది. కరెంటు ఎక్కడైనా దారి తప్పి బండి ఒంటికి తగిలితే ఆ డబ్బా మొత్తం కట్టేస్తుంది. తడి పర్ర మీద మనుషులకు షాకు కొట్టకుండా అదొక కాపలా. తోద్దామని అందరం బురదలోకి దిగాం. దిగీ దిగగానే ఎర్రలైటు ఆరిపోయింది. ఎక్కాం, కదిలింది. కాస్త దూరం పోయి మళ్ళీ ఆగింది, మళ్ళీ దిగాం.

సాయంత్రం పాటుకి తిరిగొచ్చేటప్పుడు ఒక్కసారీ ఆగలేదు. బండి నిండా బియ్యం బస్తాలు, వాటి మీద అందరం. ధనకోటి వెనక చెక్క మీద నిలబడి వేలాడుతూ వచ్చాడు.

బుధవారం, దశమి

షెడ్డులో బండిని నిలబెట్టి పొద్దుటి నుంచి వెతికాను. ఫ్యూజులు తీసి తుడిచి పెట్టాను. కాపలా డబ్బా మార్చి పాతది పెట్టి చూశాను. బ్యాటరీ నుంచి మోటారుకి పోయే పెద్ద కేబుల్ ఎడమ బల్ల కింద గాడిలో ఉంటుంది, దాన్ని పట్టుకుని ఊపాను, లాగాను, ఉప్పునీళ్ళు కూడా పోశాను. మీటరు ముల్లు కదిలితే ఒట్టు. ఎడమవైపు బండి బరువు మోసే కమాను పట్టీలు వేసవి నుంచీ కుంగి ఉన్నాయి, అది వీరభద్రం తలనొప్పి, నాది కాదు.

వచ్చిపోయే జబ్బు కన్నా చచ్చిన బండి నయం. చచ్చినదైతే ఎక్కడ చచ్చిందో చెబుతుంది. ఇది నేను చూస్తున్నంతసేపూ బుద్ధిమంతురాలిలా ఉంది. సాయంత్రం పాటుకి ఖాళీగా పెద్దమెట్ట దాకా పరుగు తీయించాను, పెళ్ళికూతురిలా వెళ్ళొచ్చింది. రేపు జనంతో వెళ్ళి వచ్చినా అంతే అయితే నాకు పిచ్చెక్కుతుంది.

శుక్రవారం, ద్వాదశి

నిన్న ఆగలేదు. ఇవాళ ఆగింది. తేడా ఏమిటో ఈ పుస్తకం చదివేవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు, ఇవాళ శుక్రవారం.

గట్టు దగ్గర ధనకోటి ఎక్కాడు. జనం ఇటు జరిగారు, నేను పెట్టె లాక్కున్నాను. అప్పటి నుంచి అతని చేతులే చూస్తూ కూర్చున్నాను. ఆ రేకు డబ్బా మూత మీద ఒక చెయ్యి, బల్ల అంచు మీద ఒక చెయ్యి. మూడో టవరు దగ్గర బండి ఆగేసరికి అతను కాళ్ళకేసి చూసుకున్నాడు. ఆగబోతోందని ముందే తెలిసినట్టు చూశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

వీరభద్రాన్ని పక్కకు పిలిచి ఆ డబ్బాలో ఏముందో అడగమన్నాను. వీరభద్రం మెత్తటి మనిషి, అడగలేనన్నాడు. ఎండుచేపల బుట్టలతో సంతకి వచ్చే పేరంటాలు మాత్రం అందరికీ వినబడేలా, నిప్పు లేనిదే పొగ రాదు అంది. ఆమె మొగుడు మునకలోనే పోయాడు. ధనకోటి డబ్బా మీద గుడ్డ సరిచేసుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటారే, అచ్చం అది.

మంగళవారం, శుద్ధ పాడ్యమి

ఇవాళ తేలిపోయింది. రెండో టవరు దగ్గర ఎర్రలైటు వెలగగానే నేను ఎవరినీ దిగనివ్వలేదు. ఉన్నచోటే ఉండమని చెప్పి, ధనకోటి ఒక్కణ్ణీ దిగమన్నాను. డబ్బాతో సహా దిగమన్నాను. అతను మారుమాట్లాడకుండా దిగి, బురదలో పది అడుగులు అవతలికి పోయి నిలబడ్డాడు.

కుడి బల్ల ఖాళీ అయింది కదా, ఇరుక్కుని కూర్చున్న జనం హమ్మయ్య అని అటు జరిగి కాళ్ళు చాపుకున్నారు. పేరంటాలు తన బుట్టలు రెండూ అతను కూర్చున్నచోటే పెట్టింది. ఎర్రలైటు ఆరిపోయింది. బండిలో ఒక్కసారిగా గోల లేచింది. నేను గొప్పకి చెప్పడం కాదు గానీ, ఇన్నాళ్ళ పనిలో ఇంత శుభ్రంగా దొరికిన తప్పు ఇంకోటి లేదు.

అతన్ని మళ్ళీ లోపలికి ఎక్కనివ్వలేదు. పెద్దమెట్ట దాకా వెనక చెక్క పట్టుకుని నడిచాడు. వీరభద్రం నెమ్మదిగా తోలాడు.

బుధవారం, విదియ

సభ కూర్చుంది. ధనకోటిని పిలిపించారు. సాక్ష్యం నాదే. అతను ఎక్కితే ఆగుతోంది, దిగితే కదులుతోంది, ఎలా చేస్తున్నాడో తెలియదు గానీ చేస్తున్నది అతనే అని చెప్పాను. నువ్వేమంటావని పెద్దలు అతన్ని అడిగారు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. నోరు తెరవబోయి, నావైపు చూసి, మూసుకున్నాడు.

జబ్బేమిటో తేలేదాకా లాకోళ్ళ మనుషులు పర్రబండి ఎక్కకూడదని తీర్మానం. మరి అతని రక్తం సంగతో అని వీరభద్రం గొణిగాడు. పడవ బాగుచేయించుకోమన్నారు. అప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

శుక్రవారం, చవితి

బండి ఆగలేదు. జనం ఎక్కువే, అయినా ఆగలేదు. గట్టు మీద ధనకోటి డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. వీరభద్రం నావైపు చూశాడు. నేను అటువైపు టవరు కేసి చూశాను. ఆపలేదు. పేరంటాలు నాకు రెండు ఎండు సావడాయి చేపలు కానుకగా ఇచ్చింది.

మంగళవారం, అష్టమి

వాన. కుడివైపు పరదా ఎప్పుడో చిరిగింది, జల్లు తిన్నగా కుడి బల్ల మీద కొడుతోంది. గట్టు దగ్గర ఇవాళ ఎవరూ నిలబడలేదు. మూడో టవరు దాటుతుంటే బండి ఠక్కున ఆగింది. ఎర్రలైటు.

లాకోళ్ళ మనిషి బండిలో లేడు, గట్టు మీద కూడా లేడు. పేరంటాలు ఊరుకోలేదు, ఆడు ఇంట్లో కూర్చుని ఏదో చేయిస్తున్నాడంది. ఒకరిద్దరు తలూపారు. నేనూ ఊపేదాన్నే. కానీ వాన నీళ్ళు బండి నేల మీద పడి, కుడి నుంచి ఎడమకి గలగలా పారుతున్నాయి. వాటికేసి చూస్తూ ఉండిపోయాను. బండి ఒక పక్కకి ఒరిగి ఉంది. తల ఎత్తితే అందరూ తడవకుండా ఎడమ బల్ల మీదే, ఒకరి మీద ఒకరు.

తడిస్తే తడిశారు, సగం మంది కుడివైపు జరగండని అరిచాను. తిట్టుకుంటూ జరిగారు. నేల లేచింది. ఎర్రలైటు ఆరింది. మళ్ళీ ఎడమకి జరగమన్నాను. వెలిగింది. నాకు మతిపోయిందనుకున్నారు.

సాయంత్రం షెడ్డులో ఎడమ బల్ల మీద బియ్యం బస్తాలు పేర్చి బండి కిందికి దూరాను. కుంగిన కమాను మీద బరువు పడేసరికి బల్ల కింది గాడి దిగి, పెద్ద కేబుల్ అడుగున ఉన్న ఇనప కమ్మీని ముద్దెట్టుకుంటోంది. అక్కడ తొడుగు ఒరుసుకుని లోపలి రాగి మెరుస్తోంది, గోరంత. బస్తాలు దించితే కేబుల్ పైకి లేస్తుంది. ఖాళీ బండిలో నేను వెయ్యేళ్ళు వెతికినా దొరకదు.

ధనకోటి ఎక్కిన ప్రతిసారీ మేమందరం ఎడమకి జరిగాం. అతన్ని దింపగానే కుడికి సర్దుకున్నాం. అంతే జరిగింది. అతను రెండు మాట్లు యంత్రం మీద పడుకోవాల్సింది, పడుకోలేదు.

బుధవారం, నవమి

తెల్లవారగానే సభ పెద్దల దగ్గరికి వెళ్ళాను. విన్నారు. సరే, కొత్త కేబుల్ ఎప్పుడొస్తుందన్నారు. సరుకు పడవ పౌర్ణమి దాటాక గానీ రాదన్నాను. అయితే అది వచ్చి, బిగించి, బండి ఆగకుండా నడిచాక తీర్మానం సంగతి చూద్దామన్నారు. అప్పటికి మనిషి ఉండడన్నాను.

గట్టు మీద నడిచి ధనకోటి ఇంటికి వెళ్ళాను. లాకోళ్ళ ఇంటి గడప తొక్కడం నాకు ఇదే మొదలు. ముఖం ఉబ్బి కళ్ళు పూడుకుపోయాయి, గోడకి ఆనుకుని కూర్చుని ఊపిరి లెక్కబెట్టుకుంటున్నట్టు పీలుస్తున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. పక్కన ఆ రేకు డబ్బా మూత తీసి ఉంది. అందులో చప్పిడి అన్నం, మాత్రల అట్టలు. ఉప్పు పడకూడదట, అందుకని తన కూడు తనే తెచ్చుకునేవాడట. పర్ర మీద పుట్టి ఉప్పు మీద బతికేవాళ్ళ మధ్య చప్పిడి కూడు తినడం నామోషీ అని గుడ్డ కప్పేవాడట. వాళ్ళావిడ చెప్పింది.

రేపు పొద్దున పాటుకి గట్టు మీద ఉండండని చెప్పి వచ్చేశాను. కేబుల్‌కి తొడుగు చుట్టి, కమాను కింద చెక్క దిమ్మ దోపాను. వీరభద్రంతో చెబితే, తీర్మానం ఉంది కదా అన్నాడు. నా మీద తోసెయ్యమన్నాను. నీ మీద తోస్తే బండి కదులుతుందా అని నవ్వి, సరేనన్నాడు.

గురువారం, దశమి

దశమి పాటు నమ్మకూడనిది. నీళ్ళు పూర్తిగా తియ్యవు, తీసినవి తొందరగా తిరిగొస్తాయి. అయినా బయలుదేరాం.

గట్టు దగ్గర బండి ఆగేసరికి జనం గొణిగారు. ధనకోటిని నేనూ వీరభద్రం మోసుకొచ్చి కుడి బల్ల మీద పడుకోబెట్టాం. జనం లేచి ఎడమ బల్ల మీదికి పోయారు. ముందే చెప్పాను, కేబుల్ సంగతి, కమాను సంగతి, అందరూ ఒకవైపు కూర్చుంటే ఏమవుతుందో. విన్నారు. తల ఊపారు కూడా. కానీ జరగలేదు. నా పెట్టెను కుడివైపే ఉంచి, నేను ధనకోటి కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

మూడో టవరు దాకా దిమ్మ నిలిచింది. తర్వాత ఒక గుంతలో చక్రం పడింది, దిమ్మ జారి ఎక్కడో బురదలో కూరుకుపోయింది, కేబుల్‌కి నేను చుట్టిన తొడుగూ చిరిగినట్టుంది. బండి ఒరిగింది. ఎర్రలైటు. బండి కిందికి దూరదామని చూస్తే అప్పటికే అక్కడ మడమలోతు నీళ్ళు. దూరాన తెల్లటి గీత కనబడుతోంది, పోటు మొదలైంది.

అమ్మల్లారా, అయ్యల్లారా, సగం మంది ఇటు రండి, చాలు, అని బతిమాలాను. ఎవరూ కదల్లేదు. ధనకోటి కళ్ళు మూసుకుని ఉన్నాడు, వింటున్నాడు. పేరంటాలు బుట్ట నెత్తికెత్తుకుంది.

"ఆడి పక్కన కూకోమంటావేటి? నడిసే వత్తాను గానీ కూకోను. నువ్వు తోలించుకో."

దిగింది. ఆమె వెనకే ఒక్కొక్కరూ దిగారు. ఎడమ బల్ల ఖాళీ అయిపోయింది, నేల లేచింది, ఎర్రలైటు ఆరింది. అలా నడిచింది బండి, లోపల ధనకోటి, నేను, ముందు వీరభద్రం. బండి పక్కనే బురద కాళ్ళతో ఊరంతా. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. మొన్నటి దాకా నేనూ వాళ్ళలో ఒకదాన్నే, ఇక ఎవరిని తిట్టను?

మునగచెట్టంత ఎత్తున పెద్దమెట్ట కనబడుతోంది గానీ నీళ్ళు ముందొచ్చేశాయి. మోకాళ్ళ దాకా. వీరభద్రం తోలడం తగ్గించాడు. పేరంటాలు పొట్టి మనిషి, తొడల దాకా నీళ్ళలో తూలుతోంది, బుట్ట మాత్రం వదల్లేదు. ధనకోటి కళ్ళు తెరిచాడు. నేను వద్దంటున్నా వినకుండా మోచేతి మీద లేచి, కాళ్ళు ముడుచుకుని, బల్ల మీద చోటు చేసి చెయ్యి చాపాడు.

"ఆ బుట్ట ఇలాగియ్యండి పిన్నీ."

ఆమె అతని ముఖం చూడలేదు. బుట్ట చూసింది, నీళ్ళు చూసింది. బుట్ట ఇచ్చింది. ఆ తర్వాత కమ్మీ పట్టుకుని తనూ ఎక్కి, బుట్టకి ఇవతల కూర్చుంది. వెనకే మిగతావాళ్ళు. ఎడమవైపు కూర్చుంటే బండి ఆగుతుందని ఇప్పుడు ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. కుడి బల్ల మీద, దాని ముందు నేల మీద, ధనకోటి కాళ్ళకి ఆనుకుని, తలకి ఆనుకుని కూర్చున్నారు. పెద్దమెట్ట రేవు దాకా బండి ఆగలేదు.

సాయంత్రం ఆసుపత్రిలో అతని మంచం పక్కన కూర్చున్నాను. యంత్రం మీద నుంచి దించారు, ముఖం వాపు కాస్త తీసింది. ఇంకొక రోజు ఆలస్యమైతే తీసుకురావడం దండగయ్యేదని డాక్టరమ్మ నన్ను చీవాట్లు పెట్టింది, పడ్డాను. అతనికి మెలకువ వచ్చాక ఒక్కటే అడిగాను, బండికి జబ్బెక్కడుందో మీకు ముందే తెలుసా అని.

"ఆయ్, రెండో మాటుకే తెలిసిందండి. మీరు పెట్టె అటు లాగగానే నా కాళ్ళ కింద నేల లేచిందండి. కాసేపటికి ఆగిపోయింది."

"మరి సభలో చెప్పలేదేం?"

"ఎక్కడ పాడైందో నేను చెబితే, పాడుచేసింది నేనే అనేవోరు కదండీ."

కాదనడానికి నోరు తెరిచాను. అనేదాన్నే. అందరికన్నా ముందు నేనే అనేదాన్ని, ఎలా తెలిసింది నీకని పట్టుకుని ఊపేసేదాన్ని. అవునండీ, అనేదాన్ని, అని చెప్పాను. అతను తల ఊపి అటు తిరిగి పడుకున్నాడు.

ఆదివారం దీన్ని సభలో చదువుతారు. కారణం అన్నచోట కేబుల్ ఒరుసుకుందని రాస్తే అందరికీ సుఖం, కొత్త కేబుల్ వస్తుంది, బిగిస్తాను, మళ్ళీ ఎవరి బల్ల మీద వాళ్ళు కూర్చుంటారు. అందుకని అలా రాయడం లేదు.

బండి ఆగడానికి కారణం: అందరం ఎడమవైపే కూర్చోవడం. అన్నిటికన్నా బరువైనది నా పెట్టె.

రేపు శుక్రవారం. ధనకోటికి రేపు కూడా యంత్రం ఉంది, అది అయ్యేదాకా ఇక్కడే ఉంటాడు. మంగళవారం పొద్దున పాటుకి గట్టు దగ్గర బండి ఆపాలని వీరభద్రానికి చెప్పాను.